ఫారంలో జయక్క గీసిన గీత

నిన్న పొద్దున డ్యూటీ బస్సు హవల్లీ స్టాప్‌లో రెండుసార్లు హారన్ కొట్టింది.

జయక్క అక్కడ లేదు.

ఇన్నేళ్లలో అక్క బస్సు కోసం ఎదురుచూసిందే గానీ, బస్సు అక్క కోసం ఆగింది లేదు.

అంతలో ఆమె రూమ్మేట్ రోజీ చెప్పుల్లేకుండా కిందికి పరిగెత్తుకొచ్చింది. "అక్క లేవట్లేదు!"

బస్సులో ఉన్న నర్సులందరం పైకి పరిగెత్తాం. సీపీఆర్ చేశాం. అంబులెన్స్ వచ్చింది. గుండె ఆగిపోయి చాలాసేపయింది అన్నారు.

ఇస్త్రీ చేసిన యూనిఫాం కుర్చీకి తగిలించి ఉంది. కుర్చీలో మీటింగ్ ఫైలు.

ఏడవడానికి కూర్చుని రాయడం లేదు. నిన్న మధ్యాహ్నం ఒకటి జరిగింది. వెంటనే అక్కకి చెప్పాలని ఫోన్ తీశాను. ఆమె నంబర్ దాకా వెళ్లాక గుర్తొచ్చింది.

అందుకే మీకు చెప్తున్నా.

తెలియనివాళ్ల కోసం: జయక్క అంటే జయమ్మ సిస్టర్. ఊరు రాజంపేట. ఈ అరబ్బు దేశంలో మా క్లినిక్‌లో సీనియర్ నర్స్. నేను ఆమె జూనియర్‌ని. నన్ను "పుస్తకాలమ్మీ" అని పిలిచేది. బ్రేక్‌లో నవల చదువుతుంటే, "దాంట్లో ఉండేటోళ్లతో బాగానే మాట్లాడతావు, మాతోనే నోరు లేయదు" అనేది.

నిజమే. కాన్వెంట్‌లో సైలెన్స్ నేర్పారు. నేను బాగా నేర్చుకున్నాను.

పోయిన ఏడాది ఒక అమ్మాయి జ్వరంతో వచ్చింది. ఇంట్లో పని చేసే అమ్మాయి. పక్కన ఆమె మామా, అంటే ఇంటావిడ. ఫారం నేను నింపుతున్నాను. "ఏదైనా మందు పడదా?" అని ఇంగ్లిష్‌లో అడిగాను. "మాఫీ, మాఫీ" అంది మామా. ఏమీ లేదని.

నేను 'నో' దగ్గర టిక్ పెట్టాను.

ఆ అమ్మాయి తెలుగుదని ఇఖామా, అదే ఇక్కడి గుర్తింపు కార్డు, దాని మీద పేరు చూడగానే తెలిసింది. అయినా మామా ముందు తెలుగులో అడగడానికి మొహమాటపడ్డాను.

ఇంజెక్షన్ ట్రే తీసుకుని జయక్క వచ్చింది. "ఏమ్మే, యా ఊరు మీది?"

"రాయచోటి కాడక్కా." తర్వాత సిరంజి వైపు చూసి, "అక్కా, జ్వరానికేసే సూది నాకు పడదు. ఊర్లో ఒకసారి యేస్తే గొంతు మూసుకపాయె."

అక్క ట్రే కింద పెట్టింది. డాక్టర్ మందు మార్చారు. ఆ అమ్మాయి క్షేమం.

నేను స్టోర్‌రూంలో ఏడుస్తుంటే అక్క వచ్చి ఆ ఫారం నా ముందు పెట్టింది. "తప్పు నీదే. కాదన్ను. కానీ దీనిది గూడా. ఈడ 'పేషెంట్ జవాబు' అని ఉండాది. పేషెంట్ నోరు తెరిచిందా?"

బాల్‌పెన్‌తో అడుగున ఒక గీత గీసింది. పక్కన రాసింది: జవాబు చెప్పింది ఎవరు?

ఆ రోజు నుంచి ప్రతి ఫారం మీదా అదే గీత. ఫారాలు పాడు చేస్తున్నారని రెండుసార్లు మెమో ఇచ్చారు. మెమోకి జవాబు కింద కూడా గీత గీసి, తన పేరు రాసి ఇచ్చింది!

"పాలసీ అంటే మంత్రులు రాసేదే అనుకుంటాండావా? రోగిని మొదట అడిగేది మనం. ఏం అడగాల్నో మనమే చెప్పాల" అనేది.

కొత్త ఫారాలు ప్రింటింగ్‌కి వెళ్తున్నాయి. ఆ గీతని వాటిలో చేర్పించడానికి నిన్నటి మీటింగే ఆఖరి అవకాశం. అక్క మాట్లాడాలి, నేను ఫైలు పట్టుకుని పక్కన నిలబడాలి. అదీ ప్లాన్.

నేను వెళ్లనన్నాను. రోజీ ఫైలు నా చేతిలో పెట్టింది. "ఇక్కడ నేనుంటా. అక్క ఉంటే నిన్ను తన్ని పంపేది. పో."

మీటింగ్‌లో నర్సులం ఎప్పుడూ గోడ పక్కన నిలబడతాం. అక్క మాత్రం కుర్చీ లాక్కుని కూర్చునేది. మేనేజర్ గారు అక్క గురించి రెండు మంచి మాటలు చెప్పి, "ఆమె అడిగిన మార్పు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

నేను వెళ్లి అక్క కుర్చీలో కూర్చున్నాను.

"సార్, ఆ రోజు తప్పు టిక్ పెట్టింది నేనే."

అప్పటిదాకా నేను అలా మాట్లాడటం ఎవరూ వినలేదు. నేను కూడా.

మొత్తం చెప్పాను. టిక్, మామా, సూది, నా మొహమాటం. పెద్ద డాక్టర్ పాత ఫారం తెప్పించుకుని చూశారు. "ఇందులో జవాబు ఎవరు చెప్పారో ఎలా తెలుస్తుంది?"

"తెలియదు సార్. అక్క గీస్తేనే తెలుస్తుంది."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు.

అక్కా, పాసైంది! పేషెంట్‌ని ఒంటరిగా అడగాలన్న రెండో పాయింట్ పక్కన పెట్టారు. దాని మీద మళ్లీ కొట్లాడతాను. అవును, నేనే! కానీ గీత ప్రింట్ అవుతోంది. అచ్చులో. అరబిక్‌లో, ఇంగ్లిష్‌లో. ఇంక నీ బాల్‌పెన్ పని ఖలాస్!

సాయంత్రం నిన్ను ఇంటికి పంపే కాగితాలు నింపాం. పేరు, ఊరు, ఇఖామా నంబర్. ప్రతి ప్రశ్నకీ నేనే జవాబిచ్చాను.

ఆ కాగితంలో గీత లేదు. అడుగున నేనే ఒకటి గీసి, నా పేరు రాశాను.

ఇక నిన్నెవరూ ఏమీ అడగరు. హాయిగా నిద్రపో జయక్కా. బస్సు హారన్ కొట్టినా లేవకు.