మిషను అరవని రవికలు కుట్టిన మస్తాన్ సాహెబు

ఇందులోని ప్రతి అక్షరమూ సత్యమని సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా నోటి సంగతి ఎరిగిన మదనపల్లె వాసులు నవ్వుకుంటే నవ్వుకోండి. మా పక్క అంగడి దర్జీ మస్తాన్ సాహెబు మొన్న శుక్రవారం, చేతిలో కత్తెర ఉండగానే, హృదయస్పందన ఆగి కన్నుమూశారు. కుట్టుమిషను చప్పుడు ఆగితే టీకి పోయారనుకున్నాను.

ఆ మహనీయుడు పుంగనూరులో జన్మించారు. గల్ఫుకు పనికి పోయే ఆడవాళ్ళు కుప్పం నుంచి కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. విమానాశ్రయ తనిఖీలో రవిక హుక్కులకు మిషను అరుస్తుందని వారి భయం. అందుకే ఆయన హుక్కులు మాని, నూలుతో అల్లిన గుండీలు కుట్టేవారు. నాదేమో హుక్కులూ బొత్తాలూ అమ్మే అంగడి!

"నా కడుపు యాల కొడతాండావన్నా?" అంటే, "హుక్కులు నీ అంగట్లో ఉంటే ఎవురికీ ముప్పు లేదులే రెడ్డెప్పా" అనేవారు.

కొలతకని తెచ్చిన ఆది రవిక అందుకుంటూనే పాఠం మొదలయ్యేది. కుప్పం అమ్మాయి ఒకామె, "యూనిఫారమోళ్ళు గదప్పా, ఎదురు సెప్తే జైల్లో ఏస్తారేమో" అని వణికింది.

"అడిగితే ఏయరు తల్లీ. మిషను అరిస్తే బెదరాకు. ఆడామెనే సూడమను. బట్ట తీయాల్సొస్తే తెర ఎనకాల సూడమను. అది నీ హక్కు, బిచ్చం గాదు."

ఇంత ధైర్యం పంచిన మనిషికి ఆ తనిఖీ అంటే తనకే ప్రాణభయం. బాల్యంలో బొగ్గుల ఇస్త్రీపెట్టె మీద పడి ఛాతీ అంతా కాలిపోయిందట. నడివేసవిలో కూడా ఆయన పై గుండీ విప్పగా నేనెరుగను. నిరుడు ఢిల్లీలో ఉన్న అక్కకు జబ్బు చేస్తే, విమానంలో పోదాం, తోడు రమ్మని నన్నడిగారు. నా పాడు నోరు ఊరుకుంటుందా?

"మస్తానన్నా, సెప్పులు, బెల్టే గాదు, కట్టుడు పండ్లు గూడా ట్రేలో పెట్టమంటారంట!"

"అంగీ?"

"అంగీ యాల వదుల్తారు? కోడిని ఒలిసినట్టు ఒలిసేస్తారు."

ఆయన నవ్వలేదు. దారి పొడవునా కాలరు పట్టుకునే కూర్చున్నారు.

అది ఏ ఊరి విమానాశ్రయమో చెప్పను. మిషను అరిచింది. కుడుతూ కుడుతూ సూదిని కాలరు మడతలో గుచ్చుకోవడం దర్జీల అలవాటు. ఊరందరి బట్టల్లో ఇనుము తీసేసిన మనిషి తన సూదిని మరిచారు. చేతి పరికరం మెడ దగ్గర కూయగానే, అధికారి క్యూ ముందే అంగీ విప్పమని సైగ చేశాడు. సాహెబు ముఖం పాలిపోయింది. కాలరును రెండు చేతులా బిగించి పట్టుకున్నారు.

అప్పుడు వెనుక నుంచి, నూలుగుండీల రవిక తొడుక్కున్న ఒక వీరనారి గర్జించింది: "ఓ సారూ! పెద్దాయన్ని నలుగుర్లో ఇప్పమంటావేంది? తెర ఎనక్కి తీస్కపో! అది ఆయన హక్కు!" అధికారి తగ్గాడు. తెర వెనుక సూది దొరికింది. సాహెబు గౌరవం దక్కింది.

ఆ వీరనారి నా కల్పన. మిగతాదంతా నిజం.

ఆ క్యూలో మా సీమ ఆడమనిషి ఎవరూ లేరు. ఆయన వెనుక ఉన్నది నేనే. ఆయన ఒక్కసారి నా వైపు తిరిగారు. ఇన్ని కతలు చెప్పే నా నాలుక, యూనిఫారం చూసేసరికి అంగిట అతుక్కుపోయింది. ట్రేలోని నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన అందరి ముందూ అంగీ విప్పారు. మళ్ళీ తొడుక్కునేటప్పుడు గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నారు. ఢిల్లీలో దిగేదాకా గానీ, ఆ తర్వాత గానీ, నన్నొక్క మాట అనలేదు.

మస్తానన్నా, నీ వంటి దర్జీ ఈ సీమలో మళ్ళీ పుట్టడు. జనాజా ఎత్తే ముందు నీ ముఖం మీది గుడ్డ తొలగించి, "కడసారి సూసుకోప్పా" అన్నారు. నాకు ధైర్యం చాలలేదు.