ఎవ్వరూ రాకూడని కంప్యూటర్

చిల్లకూరు దగ్గర ఒక రొయ్యల పరీక్షల ల్యాబులో ముంతాజ్ ఉద్యోగం రొయ్య మొప్పలు కోసి వైరస్ ఉందో లేదో తేల్చడం. ఆ తీరంలో ఆమె మోసినన్ని చావు కబుర్లు మరొకరు మోసి ఉండరు. రైతులు ఆమె ఎదురైతే అపశకునమన్నట్టు తప్పుకునేవారు. ఫలితం మాత్రం ఆమె నోటనే వినాలనేవారు. ఆ నమ్మకమొక్కటే ఆమె ఆస్తి.

దానికే ఎసరొచ్చింది. తెగులు సోకిన గుంటలో రొయ్యను వెంటనే పట్టి అమ్మెయ్యకపోతే మిగిలేది బురదే. ఆ తొందర పసిగట్టినవాడు చెప్పిందే ధర. రైతు చిన్నపోలయ్య గుంటలో తెల్లమచ్చ తెగులు తేలిన రోజు, ఆయన చేతికి కాగితం రాకముందే కొనుగోలు ఏజెంటు ఫోన్ చేసి ధర తెగ్గోశాడు.

"ఏమ్మా, నాకంటే ముందు వాడికి చెప్పినావే! వాడేమన్నా నీకు చుట్టమా?"

"ఒట్టన్నా, నేను నోరు తెరవలా."

"నోరెందుకు, ఫోనుండాదిగా!"

ముంతాజ్ ఆరా తీసింది. ల్యాబు యజమాని ముత్యాలయ్య కంప్యూటర్ ముందుగదిలో ఉంటుంది. అక్కడ టీలు తాగే ఏజెంట్లు అందులోంచి ఆమె కంప్యూటర్‌లోని రిపోర్టులన్నీ పంచాంగం తిరగేసినట్టు తిరగేస్తున్నారు. ఆమె సెక్యూరిటీ సెట్టింగుల్లోకి వెళ్ళి, నెట్‌వర్క్ ద్వారా తన కంప్యూటర్‌లోకి రాకూడనివాళ్ళ జాబితాలో 'ఎవ్రీవన్', అంటే అందరూ, అని చేర్చింది. ఆ ఒక్క మాటతో సమస్త మానవజాతికీ వెలి పడింది, జీతమిచ్చే మహానుభావుడితో సహా.

"నా సిస్టంలో రిపోర్టులు కనపడటం ల్యా," అంటూ వచ్చాడాయన.

"మూసినాను సార్. బయటికి పోతా ఉండాయి. మీకు కాగితం మీద ఇస్తా."

"నా ల్యాబులో నేనే పరాయోడినా? సాయంత్రానికి తెరువు. లేదంటే రేపట్నుంచి రాబాకు."

సాయంత్రంలోగా చిన్నపోలయ్య రెండో గుంట ఫలితం తేలింది. అదే తెగులు. ముంతాజ్ ప్రింటయినా తియ్యకుండా ఆయనకే ఫోన్ చేసింది.

"తెలుసులేమ్మా. ఏజెంటు ఇందాకే చేసినాడు. ధర ఇంకా దించినాడు."

ఫోన్‌లో ఆయన వెనక ఒకటే గోల.

"అదేం గోలన్నా?"

"కాకులు. పొద్దున్నుంచీ గుంట మీదే. రొయ్య గట్టుకి తేల్తే అవి ఊరుకుంటాయా?"

"మరి వాటిని చూస్తే దారినపోయే వాళ్ళకి తెలీదా అన్నా?"

"తప్పు కాకుల మీదికి తోస్తావా! నీకో దండం. ఇంక కావలి ల్యాబుకే పోతా."

ఫోన్ పెట్టేశాడు. గుమ్మంలో ముత్యాలయ్య నిలబడి ఉన్నాడు.

"తెరిచినావా?"

"లేదు సార్. కాకులు దిగని గుంటలు ఇంకా ఉండాయి, వాటి కబురన్నా దాగాల."

ముత్యాలయ్యకు అర్థం కాలేదు. ల్యాబు తాళాలడిగాడు. ఇచ్చేసి, ఆమె బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.