బాలకిషన్ దస్తీ

విద్యావతికి మొగుడి మాట మీద కన్నా మొగుడి దస్తీ మీద నమ్మకం ఎక్కువ. కారణం లేకపోలేదు.

బాలకిషన్ కరెంటాఫీసులో మీటర్ రీడర్. ఇరవై రెండేళ్లు అశోక్ నగర్, చిక్కడపల్లి సందుల్లో ఇంటింటికీ తిరిగిన మనిషి. ఏ ఇంట్లో మీటరు మెట్ల కింద ఉందో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటావిడ అడగకుండానే మజ్జిగ ఇస్తుందో అతనికి కంఠతా వచ్చు. తొంభై ఆరులో, యాభై రెండో ఏట, గుండెపోటు వచ్చింది. తిరిగే పని తప్పించి ఆఫీసులో కుర్చీ వేశారు. డాక్టర్ సుధీంద్ర మాత్రలు రాసి, ఉప్పూ నూనే తగ్గించమని చెప్పి, చివర ఒక మాటన్నాడు.

"రోజూ నాలుగు కిలోమీటర్లు నడవండి. మీ చేతిలో ఉన్న మందు అదొక్కటే."

ఆ మాట విన్నది బాలకిషన్ అయినా పట్టుకున్నది విద్యావతి.

ఇందిరా పార్కుకు పోతానన్నాడు అతను.

"పార్కుల మీ దోస్తులు పత్తాలు పట్కొని కూసుంటరు. మీరు నడుస్తరా, జోకర్లు ఏరుకుంటరా?"

"అయితె సందులల్ల తిరుగుత. నా సందులే గద."

"చీకట్ల ఏ సందులనో పడిపోతె ఎవరు చూస్తరు? మెయిన్ రోడ్డు మీద పోండ్రి. ఏమన్న అయితె పదిమంది గుర్తుపడతరు."

అలా దారి ఖరారైంది. ఆఫీసు నుంచి వచ్చి, చాయ్ తాగి, ఆరున్నరకు బయలుదేరాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా చిక్కడపల్లి దాటి, నారాయణగూడ చౌరస్తా ముట్టుకుని రావాలి. అతను ఒంటరిగా పడిపోతాడన్న భయం తప్ప ఆమె మనసులో ఇంకేమీ లేదు.

మొదటి నెలలోనే దొరికిపోయాడు. లెక్క ప్రకారం గంటకు తిరిగొచ్చాడు గానీ, చొక్కా జేబులో ఉస్మానియా బిస్కట్ పొడి ఉంది. ఇరానీ హోటల్లో కూర్చుని వచ్చాడన్నమాట. ఆ రోజే విద్యావతి ఇంకొకటి కనిపెట్టింది. నిజంగా నడిచిన రోజున అతను మొహం తుడుచుకున్న దస్తీ నల్లబడుతుంది. హోటల్లో కూర్చున్న రోజున తెల్లగానే ఉంటుంది. సాయంత్రం పూట ఆ రోడ్డు అట్లాంటిది. బస్సుల వెనక ఆటోలు, ఆటోల వెనక స్కూటర్లు, కదలక మెదలక పొగ వదులుతుంటాయి. కిరోసిన్ కలిపిన పెట్రోలుతో నడిచే ఆటో పక్కనుంచి పోతే కళ్లు మండిపోతాయి.

అప్పటినుంచి రోజూ ఉతికి మడతపెట్టిన దస్తీ చేతికిచ్చి పంపేది. రాగానే విప్పి చూసేది.

"ఏందీ, రీడింగ్ తీస్తున్నవా?"

"తీస్తున్న. ఇయ్యాల తక్కువొచ్చింది. నారాయణగూడ దాకా పోలేదా?"

"పోయిన తల్లీ. నీ మీటరే స్లో ఉన్నట్టుంది, మార్పియ్యి."

డిగ్రీ చదివే కూతురు ఉదయశ్రీ పుస్తకం చాటున నవ్వేది. "డాడీ, మీరు ఎన్ని ఇండ్లల్ల బిల్లు రాసిన్రో, అందరి ఉసురు గిట్ల తగిలింది."

రెండేళ్లు అట్లాగే గడిచాయి. తొంభై ఎనిమిది చలికాలంలో ఒక సాయంత్రం బాలకిషన్ గడప మీదే కూర్చుండిపోయాడు.

"విద్యా, ఆ పొగల ఛాతి పట్టేసినట్టు అయితున్నది. ఆ రోడ్డు నాతోని గాదు."

విద్యావతి దస్తీ అందుకుని చూసింది. సగం తెల్లగా ఉంది.

"బిస్కట్లు తిన్న రోజు గూడ మీరు గిట్లనే ఏదో ఒకటి చెప్పిన్రు," అంది. కోపంగా కూడా అనలేదు.

మర్నాడు దస్తీ బొగ్గులా నల్లగా వచ్చింది. ఆ రోజునుంచి ఒక్కనాడూ తెల్లగా రాలేదు. సబ్బునీళ్లలో నానబెట్టి, రుద్ది రుద్ది ఉతుకుతూ, మందు ఒంటికి పడుతోందని ఆమె నిమ్మళపడింది.

ఫిబ్రవరిలో, చిక్కడపల్లి గుడి దాటిన తర్వాత, ఫుట్‌పాత్ మీద పడిపోయాడు. ఆమె అన్నట్టే పదిమంది గుర్తుపట్టారు. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు. రెండు రోజులు బతికాడు.

సుధీంద్ర వార్డు బయట ఆమెను అడిగాడు. "నడిచేటప్పుడు ఛాతీ పట్టేసినట్టుందని ఎప్పుడైనా చెప్పారామ్మా?"

"రోజు నాలుగు కిలోమీటర్లు నడిచిండ్రు సార్. ఒక్కరోజు తప్పలేదు. నాకు తెలుసు."

"ఎక్కడ నడిచేవారు?"

చెప్పింది.

"సాయంత్రం ఆ రోడ్డు మీదా? ఆ పొగ ఊపిరితిత్తుల దగ్గర ఆగదమ్మా. దెబ్బతిన్న గుండెకు అది ఇంకా బరువు. దానివల్లే ఇలా జరిగిందని నేను చెప్పలేను. ఎక్కడ నడుస్తున్నారో నేనూ ఏనాడూ అడగలేదు."

నెల మాసికం అయిన మర్నాడు, సాయంత్రం ఆరున్నరకు, విద్యావతి చెప్పులేసుకుంది. ఎక్కడికమ్మా అని ఉదయశ్రీ అడిగితే "ఇప్పుడే వస్త" అంది. ఆ రోడ్డు ఆమెకు కొత్తది కాదు. ప్రతి శనివారం పొద్దున గుడికి పోయేదే. కానీ ఈ వేళకు ఎప్పుడూ పొయ్యి దగ్గర ఉండేది.

సినిమా హాళ్ల దగ్గర రెండు బస్సులు ఒక్కసారే కదిలాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చిక్కడపల్లిలో సగం దూరం పోయేసరికి గొంతులో మంట, నోట్లో చేదు. ఆమె గుండెకు ఏ జబ్బూ లేదు. అయినా గుడి దాటాక ఆగక తప్పలేదు. మూతపడ్డ దుకాణం ముందు తాళాలు బాగుచేసే మనిషి కనిపించాడు. అతని పక్కన ఖాళీ స్టూలుంది.

"కూసోండమ్మా," అన్నాడతను. దగ్గి, మళ్లీ అన్నాడు. "పొగ ఎక్కువున్నదియ్యాల. ఎక్కడి దాకా?"

"నారాయణగూడ."

"గిప్పుడా? మా మీటర్ సార్ గూడ గట్లనే అంటుండె. పాపం, పోయిండు."

విద్యావతి అతని వైపు తిరిగింది. "నేను ఆయన ఇంటామెను."

అతని చేతిలో ఆకురాయి ఆగిపోయింది. ఆమె అడిగితే గానీ మిగతాది చెప్పలేదు.

"చలికాలం సంది సార్ నారాయణగూడ మొఖమే చూడలేదమ్మా. గీడికొచ్చేటాల్లకే ఛాతి మీద చెయ్యి పెట్కుంటుండె. గా స్టూల్ మీదనే అర్ధగంట. ఇంటికాడ చెప్పున్రి సారూ అంటె, 'చెప్పిన దాసయ్యా, బహానా అనుకున్నది. ఆమె తప్పు గాదు. బిస్కట్లు తిని నేనే పేరు ఖరాబ్ చేస్కున్న' అనెటోడు."

"మరి దస్తీ?"

దాసయ్య తల దించుకున్నాడు. "లేచేముందు గా షట్టర్‌కు రుద్దెటోడు. రీడింగ్ రావాలె గద అని నవ్వెటోడు. నేను గూడ నవ్వేటోన్ని అమ్మా."

ఆమె లేచి చూసింది. కోర్టు గొడవలో రెండేళ్లుగా మూతపడిన దుకాణం. షట్టరంతా మసి. మనిషి ఛాతీ ఎత్తులో మాత్రం జానెడు వెడల్పున కింది నీలం రంగు బయటపడి ఉంది. దాని మీద కూడా నెల రోజుల మసి సన్నగా పేరుకుంటోంది.

"ఆటో పిలవాల్నా అమ్మా?"

"వద్దు," అంది. ఆమె మళ్లీ ఆ రోడ్డెక్కలేదు. పక్కనే ఉన్న సందులోకి మళ్లింది.

రెండో మలుపు తిరిగేసరికి హారన్లు వినబడటం మానేశాయి. ఊపిరి దానంతటదే తేలికైంది. గేట్ల మీద బల్బులు వెలుగుతున్నాయి. పూలు కడుతున్న ఒక ముసలామె తలెత్తి కళ్లు చికిలించింది.

"మీటర్ సార్ ఇంటామెవు గద బిడ్డా? గుడికాడ చూస్తుంట. లోపలికి రా. జరంత మజ్జిగ తాగి పో."

ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఇద్దరు లేచి నిలబడ్డారు. విద్యావతి గేటు పట్టుకుని సందు చివరిదాకా చూసింది. రెండు వైపులా ఇళ్లే. ప్రతి గేటు దగ్గరా ఎవరో ఒకరున్నారు.