పూటకో థాయ్ మాట

యర్రయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు, బీడీ ముక్క కూడా ముట్టడు. ఉన్న వ్యసనమల్లా ఒక్కటే, థాయ్ భాష. రోజుకో మాట పట్టుకొస్తాడు. తెచ్చినదాన్ని మనసులో దాచుకుంటాడా అంటే అదీ లేదు. మర్నాటి లోగా దాన్ని ఎవరో ఒకరి మీద ప్రయోగించి తీరాలి. దీవుల్లోని తెలుగు జాలర్ల పేట మిన్నీ బే మొత్తంలో ఆ ప్రయోగాలకు మొదట బలయ్యేది ఆయన భార్య గవరమ్మ.

"తాగుడైనా బాగుండును. తెల్లారేసరికి దిగిపోద్ది" అని ఆవిడ చుట్టుపక్కల వాళ్ల దగ్గర వాపోయేది.

ఆ రోజుల్లో మన సముద్రంలోకి వచ్చి చేపలు పడుతూ పట్టుబడిన థాయ్ పడవల వాళ్లను, కాగితాలు తేలి ఓడ దొరికేదాకా, ఊరి చివర ఒక రేకుల షెడ్డులో ఉంచేవారు. వాళ్ల కూరకు చేపలు వేసే పని యర్రయ్యది. పొద్దున్నే వేట, మధ్యాహ్నం షెడ్డు. బుట్ట దించి రావడానికి పది నిమిషాలు చాలు. యర్రయ్య మాత్రం పొద్దు వాలాక, నోట్లో కొత్త మాటతో తిరిగొచ్చేవాడు.

ఒకరోజు పులుసు ముద్ద నోట్లో పెట్టుకోగానే "ఫెత్!" అన్నాడు.

"ఏటి?" అంది గవరమ్మ, ఎవరైనా తుమ్మారేమోనని అటూ ఇటూ చూసి.

"కారం అని."

"కారమైతే కారం అను. నోరు తిరగదా?"

"మాట నేర్సుకుంటే సరిపోదే, వాడాల. పళ్లెం ముందర కూకుని, నోరు మండుతున్నప్పుడు అంటేనే అది మాట. ఏదీ, ఇప్పుడు నువ్వన్నది ఇంకోపాలి అను."

అదీ ఆయన వరస. మాట అనడం ఒకెత్తు, అవతలివాళ్లు దానికి ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా వల్లె వేసుకోవడం ఇంకొకెత్తు. తిట్టినా సరే, "మళ్లీ తిట్టు, సివర్లో ఏటన్నావు?" అని అడిగేవాడు.

తర్వాత 'అరొయ్' వచ్చింది. బాగుంది, రుచిగా ఉంది అని. గవరమ్మ మురిసిపోయి ఇంకో ముక్క వేసింది. మర్నాడు పొరుగింటి తవిటమ్మ ఎండుచేపల కూరకి కూడా అదే బిరుదు ఇచ్చాడని తెలిసింది. గవరమ్మ ఆ పూట ఉప్పు లేని గంజి పోసి, "దీన్నేటంటారో కనుక్కుని రా" అంది.

'మై పెన్ రై' అంటే పర్వాలేదని. పక్కనున్న డైరీ ఫార్మ్ పేటలో రేషన్ దుకాణం గణేశ్వరరావు కిరసనాయిలు నిండుకుందనీ సోమవారం రమ్మనీ చెబితే, యర్రయ్య చిరునవ్వుతో "మై పెన్ రై" అన్నాడు.

"క్యా బోలా?"

"పర్వాలేదని, భయ్యా."

"పర్వాలేదా? అయితే ఆపై సోమవారం రా!"

ఖాళీ డబ్బాతో ఇంటికొచ్చిన మొగుణ్ని చూసి గవరమ్మ నెత్తి కొట్టుకుంది. "మనకి పర్వా ఉందని సెప్పుకోడానికి ఆళ్ల బాసలో మాటే నేదా?"

ఇంతవరకూ ఇంటి గొడవే. ఊరి గొడవ 'పై నై'తో మొదలైంది. యర్రయ్య వెళ్లే పడవకు పెద్ద కన్నారావు. వరసకు యర్రయ్యకు బావ. ఒక సోమవారం పొద్దున్న కన్నారావు పడవ దగ్గరికి నడుస్తుంటే యర్రయ్య "పై నై, బావా?" అన్నాడు. అదేదో దండం లాంటిదనుకుని కన్నారావు కూడా "పై నై, పై నై" అన్నాడు. మాట పలకడానికి హాయిగా ఉందేమో, పడవలో అందరికీ పట్టేసింది. వారమంతా నీళ్లలో దిగుతూ ఒకరికొకరు పై నై చెప్పుకున్నారు. వారమంతా వల ఖాళీగా వచ్చింది.

శనివారం కన్నారావుకు అనుమానం వచ్చింది. "ఒరే, ఇంతకీ ఆ మాటకి అర్థమేట్రా?"

"ఆ దేశంలో దారిలో ఎదురైతే అలాగే పలకరించుకుంటారు బావా. 'ఎక్కడికి?' అని."

మొలలోతు నీళ్లలో ఉన్న కన్నారావు అక్కడే ఆగిపోయాడు. వేటకు వెళ్లే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరాలి. తాతల నాడు ఒడ్డు దాటి ఈ దీవులకు వచ్చినా ఆ పట్టింపు మాత్రం వెంటే వచ్చింది.

"వారం నుంచీ మనకి మనవే అడుక్కుంటన్నాం గదరా!" కన్నారావు ఒడ్డుకొచ్చి ఇసకలో కూలబడ్డాడు. "మల్లేశూ, నీల్లట్రా!" అని పడవలో కుర్రాణ్ని కేకేశాడు.

పడవలో ఉన్న అందరూ దిగివచ్చి, వరసగా కూర్చుని, వారం రోజుల నీళ్లూ ఒక్కసారే తాగారు. తాగాక కన్నారావు లేచాడు.

"యర్రయ్యా, బస్. ఇంకొక్క థాయ్ మాట నీ నోట ఇనపడిందంటే నా పడవలో నీకు సోటు నేదు."

యర్రయ్య 'మై పెన్ రై' అనబోతున్నాడని పెదవులు చూసే పసిగట్టింది గవరమ్మ. అన్నం కేరేజీ అందివ్వడానికి వచ్చింది కాబట్టి సరిపోయింది, చప్పున ఆయన నోరు మూసింది.

ఇల్లు ప్రశాంతంగా మారింది. గవరమ్మకు ఆ ప్రశాంతత రెండు రోజులే బాగుంది. యర్రయ్య షెడ్డు నుంచి తొందరగా వచ్చేసి, మొహం వేలాడేసుకుని కూర్చునేవాడు. పులుసు ఎంత కారంగా ఉన్నా నోరు మెదపడు. ఒకరోజు తన చేపముక్కలు తినకుండా కేరేజీలో పెట్టుకుని బయల్దేరాడు. గవరమ్మ చెంగు దోపుకుని వెనకాలే వెళ్లింది.

షెడ్డులో కుర్రాళ్లు బట్టలు ఉతుక్కుంటున్నారు. మూల ఒక ముసలాయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన పక్కన ముట్టని పళ్లెం. ఎదురుగా యర్రయ్య, బతిమాలుతూ.

"ఎవురీయన?"

యర్రయ్య తుళ్లిపడ్డాడు. "బున్మా. పడవలో వంటోడు. ఇంటికెల్లేది ఎప్పుడో తెలీక దిగులెట్టుకుని కూడు మానీసినాడు. నానో మాట నేర్పమంటే నేర్పినాడు. మర్నాడు, ఎవుల్తో అన్నావు, ఆలేటన్నారు అని సైగ సేసినాడు. నువ్వు తిట్టింది తిట్టినట్టు ఆడి సూపించినాను. నవ్వినాడు. నవ్వుతా నవ్వుతా ముద్దెట్టుకున్నాడు. అప్పట్నించీ కబురుంటే కూడు, నేకపోతే నేదు."

"ఏదో ఒకటి కల్పించి సెప్పొచ్చు గదా?"

"సెప్పినాను. కనిపెట్టీసినాడు."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"సెబితే నువ్వు తిట్టడం మానీసీదానివి. నీ తిట్లే ఆయనకి మా అరొయ్."

గవరమ్మకు మొగుడి మీద కోపమూ వచ్చింది, ప్రేమా వచ్చింది. ఏది ముందో తేల్చుకోలేక ముసలాయన ముందు కూర్చుంది. ఆయన ఆవిణ్ని ఎగాదిగా చూసి, యర్రయ్య ఆడి చూపించిన గొంతు గుర్తుపట్టినట్టు, నడుం మీద చెయ్యి పెట్టి "నోరు తిరగదా?" అన్నాడు, చక్కని మిన్నీ బే తెలుగులో.

గవరమ్మ పకపకా నవ్వింది. ఆయన మాత్రం పళ్లెం ముట్టలేదు. అది పాత కబురు.

"సరే, రేపటికి మాటేటో సెప్పమను" అంది గవరమ్మ.

మర్నాడు పొద్దున్నే జెట్టీ దగ్గర కన్నారావుకు ఎదురెళ్లి, "కిన్ ఖావ్ రుయాంగ్, అన్నా?" అంది. కన్నారావు మొహం కందగడ్డయింది.

"ఆడి నోరు మూయిస్తే నీ నోరు తెరుసుకుందేటి?"

"ఎక్కడికని కాదన్నా. కూడు తిన్నావా అని."

"తిన్నాను! తిన్నది కాస్తా నిన్ను సూసి అరగడం మానీసింది! పొద్దున్నే దాపురించినావు, నువ్వూ నీ మొగుడూ, ఒక బాస సాలని మనుషులు!"

"కొంచెం నెమ్మదిగా అన్నా, గుర్తెట్టుకోవాల" అని, ముసలాయన కూడు మానేసిన సంగతి కూడా చెప్పింది గవరమ్మ.

"మన సేపలు ఎత్తుకుపోడానికొచ్చినోడికి నా తిట్లు కూడా వడ్డించాలా? ఛోడో!" అని కన్నారావు విసురుగా పడవెక్కాడు.

తెల్లారి పడవ సిద్ధంగా ఉంది, ఆటు అనువుగా ఉంది, కన్నారావు మాత్రం ఒడ్డునే పచార్లు చేస్తున్నాడు. గవరమ్మ కనిపించగానే అటువైపు చూడనట్టుగా అడిగాడు.

"తిన్నాడా ముసిలోడు?"

"సగం తిన్నాడన్నా."

"సగమేటి? నా మాట పూర్తిగా సెప్పినావా?"

"సెప్పినాను."

"సెయ్యి ఇలా ఊపినావా?"

"ఊపనేదు."

"అదీ సంగతి! నా వేషం ఆడమనిషి కట్టినాది, సప్పగా ఉండి ఉంటాది. ఒరే యర్రయ్యా, పడవ దిగి ఇలాగొచ్చి నిలబడి సూడు. సాయంత్రం నువ్వే ఆడి సూపించాల." కన్నారావు తలగుడ్డ బిగించి కట్టుకుని గవరమ్మకు ఎదురుగా నిలబడ్డాడు. "ఊఁ, అడుగమ్మా."

గవరమ్మ అడిగింది. ఆ రోజు పడవ గంట ఆలస్యంగా కదిలింది.