స్పెయిన్ కాలువ గట్టున నీటికుక్క

మా మేత డీలరు అప్పుడప్పుడు చేపల రైతుల్ని విదేశీ టూరు తీసుకెళ్తాడు. ఎక్కువ మేత కొన్నవాళ్ళకి సీటు. ఎప్పుడూ బ్యాంకాకే. కిందటేడు మాత్రం స్పెయిన్ అన్నాడు. అక్కడేదో చేపల పెంపకం ఎగ్జిబిషను ఉందట. రాజోలు చుట్టుపక్కల నుంచి పద్నాలుగు మందిమి బయల్దేరాం. అందులో మా అక్క మొగుడు, అంటే మా బావగారు, కూడా ఉన్నారు. సఖినేటిపల్లి దగ్గర మా ఇద్దరి చెరువులూ పక్కపక్కనే, మధ్యలో ఒక్క గట్టు.

ఎగ్జిబిషను ఒక్క పూటలో చూసేశాం. మిగిలిన రోజుల్లో జంతువుల్నీ పక్షుల్నీ చూపిస్తామని, ఓ నది సముద్రంలో కలిసే చోటికి బస్సులో తీసుకెళ్ళారు. దిగి చూద్దును కదా, మా ఊరే! ఎటు చూసినా నీళ్ళు పెట్టిన వరిచేలు, మధ్యన కాలువలు, చేలల్లో కొంగలు. కొబ్బరి చెట్లు లేవు, అంతే తేడా.

"ఇది చూడ్డానికటయ్యా, విమానంలో అంతసేపు మోకాళ్ళు ముడుచుకుని కూచున్నాం?" అన్నారు బావగారు.

మాకు అన్నీ చూపించడానికి అక్కడావిడ ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మెడలో బైనాక్యులర్స్. ఆవిడ ఇంగ్లీషులో చెబితే మా టూరు మేనేజరు తెలుగులో చెప్పేవాడు. కొంగ కనపడితే చాలు, బస్సు ఆపించేది. నాకసలే ముక్కు మీద కోపం. మూడోసారి ఆపించేసరికి, "కొంగల్ని చూడ్డానికి దుర్భిణీలెందుకండీ, మా చేలోకి వస్తే కాళ్ళకి అడ్డం పడతాయని చెప్పండి" అన్నాను. మేనేజరు ఏం చెప్పాడో గానీ ఆవిడ నవ్వింది. ఆ తర్వాత ఉప్పుమడుల్లో గులాబీ రంగు ఫ్లెమింగోల్ని చూపించింది. అవి మాత్రం బావున్నాయని ఒప్పుకున్నాను.

కాసేపటికి ఆవిడకి కనపడనివి కూడా నాకు కనపడడం మొదలైంది. ముప్ఫై ఏళ్ళు గట్ల మీద తిరిగిన కళ్ళు మరి. రెల్లులో కర్రలా నిలబడ్డ నారాయణ పక్షి, తూము మీద ఎండ కాగుతున్న తాబేలు, నీటికి అడ్డంగా ఈదుతున్న పాము, అన్నీ ముందు నేనే పట్టుకున్నాను. సాయంత్రానికి మావాళ్ళందరూ ఆవిడ వేలు చూడ్డం మానేసి నా వేలు చూడసాగారు. ఆవిడ ఏమీ అనుకోలేదు. పైగా బస్సులో నా పక్క సీట్లోకి మారి కూర్చుంది.

రెండోరోజు మధ్యాహ్నం ఓ కాలువ తూము దగ్గర నా కాలు ఆగిపోయింది. రాతి మీద నల్లగా, తడిగా పెంట. గొంతుక్కూచుని పుల్లతో విడదీసి వాసన చూశాను.

"ఛీ ఛీ! దేశం కాని దేశం వచ్చి అదేం పనయ్యా?" అన్నారు బావగారు.

"నీటికుక్క, బావగారూ. వచ్చి చూడండి."

ఆయనా వంగి చూశారు. "ఆయ్, అదే" అన్నారు. చేప పొలుసులు ఉన్నాయి. వాటితోపాటు ఎర్రటి పెంకులు కూడా. అక్కడి కాలువల్లో రొయ్యలాంటి ఎర్ర జీవి ఒకటి ఉంటుంది, దాని పెంకులు. పక్కనే బురదలో పొట్ట ఈడ్చుకుంటూ జారిన గుర్తు. అంచులింకా ఎండలేదు. ఆ పొద్దున్నే తిరిగింది.

మేనేజరు ఆ మాట చెప్పగానే ఆవిడ మొహం మారిపోయింది. ఆ పనిలో చేరి రెండేళ్ళయిందట. పాదం గుర్తులు చూసిందట, పెంట చూసిందట, జంతువుని మాత్రం ఒక్కసారీ చూడలేదట. ఆవిడతో పనిచేసేవాళ్ళందరూ చూశారు. రోజూ సాయంత్రం, "ఇవాళైనా కనపడిందా?" అని అడుగుతారట. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ నవ్వింది గానీ అది నవ్వు కాదు.

మేం మర్నాడు ఎనిమిదింటికి బయల్దేరి విమానం ఎక్కాలి. నాకెందుకో పౌరుషం వచ్చింది. "రేపు పొద్దున్నే అయిదింటికి ఇక్కడికి రమ్మనండి. చూపిస్తాను. చూపించకపోతే సగం మీసం గీయించుకుని విమానం ఎక్కుతాను" అన్నాను. మావాళ్ళందరి ముందూ అన్నాను. మీసం సంగతి ఎలా చెప్పాలో తెలీక మేనేజరు నీళ్ళు నమిలాడు. చివరికి తన మూతి మీద వేలితో గీసి చూపించాడు.

ఇంత ఖాయంగా ఎలా చెప్తున్నారని ఆవిడ అడిగింది. మా చెరువుల్లో చేపలు తినడానికి వస్తాయని చెప్పించాను. అది నిజమే. ఉచ్చుల సంగతి చెప్పలేదు, అడగలేదు కనక. నీటికుక్క ఒక్కసారి చెరువు మరిగిందంటే ఊరుకోదు, తిన్నదానికంటే కొరికి పారేసింది ఎక్కువ. అందుకని అది దిగే దారి పట్టుకుని, మోటారుసైకిలు క్లచ్ వైరుతో ఉచ్చు వేస్తాం. అది ఎప్పుడూ ఒకే దారిన వస్తుంది, తెల్లారే వేళకి అదే దారిన పోతుంది. ఉచ్చు వెయ్యాలంటే దాని మనసు తెలియాలి. మా గట్ల మీద నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

మర్నాడు చీకటితోనే వెళ్ళాం. నేనూ, ఆవిడా, మేనేజరూ, బావగారూ. మిగిలినవాళ్ళని రావద్దన్నాను. బావగారి చేత చుట్ట జేబులో పెట్టించాను. గాలి మా మీంచి కాలువ వైపు పోతోందని, అందర్నీ వంతెన దాటించి అవతలి గట్టున రెల్లు చాటున కూర్చోబెట్టాను. అయిదున్నరయింది. ఆరయింది. చేల మీద మంచు విడిపోతోంది. ఏమీ రాలేదు. బావగారు నా మీసం వంక చూసి, తన మీసం దువ్వుకున్నారు. ఒళ్ళు మండింది. అయినా కదల్లేదు. అది ఇంకా ఆ దారిన పోలేదు, నాకు తెలుసు.

అప్పుడు నీటి మీద గీతలా ఒక అల వచ్చింది. తూము దగ్గర తల లేచింది. చదునైన తల, మీసాలు, నీళ్ళు కారుతున్న నల్లటి ముక్కు. అది రాతి మీదికెక్కి ఒళ్ళు విదుల్చుకుంది. వెనకాలే రెండు పిల్లలు. వేలు ఎత్తి చూపించాను, అంతే.

తల్లి ఎర్ర రొయ్యని రెండు చేతులా పట్టుకుని కరకరా నమిలింది. పిల్లలు ఈలలాంటి కూత పెడుతూ దాని మూతి దగ్గర పోట్లాడుకున్నాయి. తర్వాత బురదగట్టు మీంచి పొట్ట మీద సర్రుమని నీళ్ళలోకి జారాయి. మళ్ళీ ఎక్కాయి, మళ్ళీ జారాయి. తిండి కోసం కాదు, ఊరికే. తల్లి చేస్తున్న పని ఆపి వాటిని చూస్తూ కూర్చుంది. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను.

ఆవిడ బైనాక్యులర్స్ దించేసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు. మేనేజరు చెవిలో ఏదో అడిగింది.

"మీరు మొదటిసారి చూసినప్పుడు మీకెలా అనిపించిందని అడుగుతున్నారండీ."

"ఇదే మొదటిసారని చెప్పండి."

"అదేంటండీ! మీ చెరువు దగ్గర ఇన్నేళ్ళు..."

"అక్కడ నేను చూసినవన్నీ ఉచ్చులో చచ్చిపడి ఉన్నవే. తెల్లారి వెళ్ళి విప్పి కొబ్బరి మొదళ్ళలో పాతేవాళ్ళం. అదీ చెప్పండి."

వద్దన్నట్టు బావగారు నా భుజం నొక్కారు. మేనేజరు తటపటాయించాడు. "చెప్పండి" అన్నాను మళ్ళీ.

చెప్పాడు. ఆవిడ నా వైపు చూసింది, కాలువ వైపు చూసింది. పిల్లలింకా జారుతూనే ఉన్నాయి. మెల్లగా నా చేతి మీంచి తన చెయ్యి తీసేసింది.

మామూలుగా అయితే నాకు కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది.