మా అవ్వ నాలుక మీద సముద్రం

మా అవ్వ శారదాంబ సముద్రపు నీళ్ళు రుచి చూసి లీటరుకు ఎన్ని గ్రాముల ఉప్పుందో చెప్పేస్తుంది. చెప్పమని ఎవరైనా అడిగారా అంటే, లేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి రోజూ తెల్లవారగానే వాషర్‌మెన్‌పేట్‌లో బస్సెక్కి, సముద్రం ఒడ్డున ఎన్నూరులో దిగి, పొడుగాటి కర్రకు కట్టిన చెంబును ఉప్పుటేటి అడుగుదాకా ముంచి తీసి, అందులో వేలు పెట్టి నాలుకకు రాసుకుంటుంది. కళ్ళు మూసుకుని "ముప్పై రెండు" అని ప్రకటిస్తుంది. తుపుక్కున ఉమ్మేసి, మళ్ళీ బస్సెక్కి ఇంటికొచ్చి ఇడ్లీ తింటుంది. కొందరు పొద్దున్నే గుడికి పోతారు. మా అవ్వ ఉప్పుకు పోతుంది.

ఈ విద్య ఆమెకు ఉద్యోగంలో అబ్బింది. ఎన్నూరు పక్క ఒక కరెంటు ఫ్యాక్టరీ లేబొరేటరీలో ముప్పై ఏళ్ళు అటెండరుగా చేసింది. ఆవిరిని చల్లార్చడానికి ఆ ఫ్యాక్టరీ సముద్రాన్ని గొట్టాలతో పీల్చేది. ఆ నీళ్ళలో ఉప్పెంతుందో రోజూ చూడాలి. అవ్వ బకెట్టుతో నీళ్ళు తెస్తే, కెమిస్టు భాష్యం సారు గాజు గొట్టంలోంచి మందు చుక్కచుక్కగా వదిలి, రంగు మారేదాకా కాచుకుని లెక్క కట్టేవాడు. ఆయన ఐదో చుక్క దగ్గరుండగానే అవ్వ అనేసేది.

"ముప్పై మూడు సార్."

"శారదాంబా, ఇది కెమిస్ట్రీ. కొంచెం ఓపిక పట్టు."

"పట్టినా ముప్పై మూడే సార్."

ముప్పై మూడే వచ్చేది. రెండేళ్ళు తిరిగేసరికి భాష్యం సారు అవ్వ చెప్పిన అంకెను ముందు పుస్తకంలో రాసుకుని, తర్వాత తీరిగ్గా చుక్కలు వదలడం మొదలుపెట్టాడు.

రిటైరయ్యాక ఆ నాలుక మా వంటింటి మీద పడింది. రసం పన్నెండు. సాంబారు పది. "నిన్నటికన్నా ఒకటి తక్కువ. ఏంది రాజీ, మనసు బాలేదా?" అని మా అమ్మను అడిగేది. పక్కింటివాళ్ళు పంపిన ఆవకాయ లెక్కకే అందలేదు. మా అక్క ఉజ్వల, కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయి వెక్కివెక్కి ఏడుస్తుంటే, అవ్వ పక్కన కూర్చుని, దాని చెంప మీది నీటిబొట్టును వేలితో తీసి నాలుకకు రాసుకుంది.

"తొమ్మిది. సముద్రంలో మూడో వంతు గూడా లేదు. దీనికింత ఏడుపేందే?"

అక్క నవ్వాపుకోలేక ఇంకాస్త ఏడ్చింది.

కిందటి నెల అవ్వకు బీపీ పెరిగి కళ్ళు తిరిగాయి. డాక్టరు గుంటూరు వైపు కుర్రవాడు, మర్యాదస్తుడు.

"ఉప్పు ఐదు గ్రాములు మించకూడదండీ మామ్మగారూ."

"లీటరుకా?"

"రోజుకండీ. మనిషికి."

"మనిషంటే ఎన్ని లీటర్లు?"

డాక్టరు మా అమ్మ వైపు తిరిగాడు. మా అమ్మ రాజలక్ష్మి సైన్సు టీచరు. ఎనిమిదో క్లాసు మొత్తాన్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదు. ఆ చూపుతోనే ఇంటికొచ్చింది.

"అత్తా, ఇంక ఎన్నూరు లేదు."

"మింగను గదమ్మా. ఉమ్మేస్తా ఉండా."

"మీరు ఉమ్మేది నేను చూసినానా? మళ్ళా బస్సెక్కితే నేను మా పుట్టింటికి పోతా."

"పక్క వీధే గదా. పొయ్యిరా. వచ్చేటప్పుడు కరేపాకు తీసకరా."

అమ్మ పుట్టింటికి పోలేదు. అవ్వ చెప్పులు బీరువాలో పెట్టి తాళం వేసింది. అవ్వ ఊరుకుంటుందా? సముద్రం లేనిదే సాంబారు లేదని తేల్చి చెప్పి, కంచం బోర్లించింది.

రెండో రోజుకు అమ్మ సంధికి దిగింది. లీటరు నీళ్ళు కొలిచి, ముప్పై మూడు గ్రాముల ప్యాకెట్ ఉప్పు తూచి, కలిపి తెచ్చింది.

"ఇదో, సముద్రం. ఇంట్లోనే ఒక చుక్క చూసి ఉమ్మేయండి. చూసి, అన్నం తినండి."

అవ్వ వేలు ముంచింది. కళ్ళు మూసింది.

"ముప్పై మూడే."

అమ్మ ముఖం వెలిగింది.

"అయితే సముద్రం గాదు. చేదు యాడుంది? సముద్రమంటే చివర్న గొంతు కాడ చేదు తగలాల. మెగ్నీషియం. భాష్యం సారు చెప్పినాడు. ఇది ఉత్త ఉప్పునీళ్ళు రాజీ, రెండు మామిడికాయలు ఏసి మూత పెట్టు."

కెమిస్ట్రీ రెండుసార్లు తప్పిన నేను చప్పట్లు కొట్టాను. అమ్మ చూసిన చూపుకు మూడో చప్పట గాల్లోనే ఆగిపోయింది.

నాలుగో రోజు ఆదివారం. పొద్దున ఆరున్నరకు బెల్లు మోగింది. గుమ్మంలో ఐదుగురు ఆడవాళ్ళు. ముందున్నామె చేతిలో నీళ్ళ క్యాను.

"టేస్టు చూసే అమ్మ ఉండారా?"

"మీరెవురు?" అంది అమ్మ.

"నా పేరు పుష్పవల్లి. ఎన్నూరు ఏట్లో చేత్తో రొయ్యలు పట్టేవాళ్ళం. అమ్మ మూడు దినాలుగా రాలేదే. మేం నీళ్ళలోకి దిగలేదు."

"ఈమె రాకపోతే మీరు దిగకపోయేదేంది?"

పుష్పవల్లి రెండు చేతులూ చాచి చూపించింది. వేళ్ళ సందుల్లో మానీ మానని పుళ్ళు. గట్టున ఇప్పుడు వేరే ఫ్యాక్టరీ ఒకటి ఉందట. సముద్రపు నీళ్ళు లాగి, మంచినీళ్ళు తను ఉంచుకుని, మిగిలిన చిక్కటి ఉప్పునీళ్ళను వేళాపాళా లేకుండా ఏట్లోకి వదులుతుందట. బరువైన నీళ్ళు గనక అడుగుకు దిగిపోతాయి, పైనుంచి చూస్తే తెలియదు. వీళ్ళేమో బుట్టతాడు పళ్ళతో కరిచిపట్టుకుని, అడుగు బురదలో చేతులతో దేవులాడేవాళ్ళు. రొయ్య గుచ్చిన గాయంలోకి ఆ ఉప్పు దిగితే వారం పని పోయినట్టే. అందుకే అవ్వ ముందు చూసి "దిగండి" అంటే దిగుతారు, "వద్దు" అంటే ఆగుతారు. మూడేళ్ళుగా ఇదీ సంగతి.

అమ్మ అవ్వ వైపు తిరిగింది. "ఒక్క మాట చెప్పుండొచ్చు గదత్తా!"

"చెప్తే పుణ్యాత్మురాలంటారు. పుణ్యాత్మురాలికి శాలువా కప్పి ఇంట్లో కూర్చోబెడతారు. పిచ్చిదంటే ఎవురూ అడ్డం రారు. బస్సులో సీటు గూడా ఇస్తారు."

ఏటి అడుగునుంచి నీళ్ళు ముంచి తెచ్చిన ఆ క్యానులో అవ్వ వేలు పెట్టింది. ఈసారి కళ్ళు మూసుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

"యాభై ఒకటి. నా చెప్పులియ్యి."

అమ్మ బీరువా తీసి అవ్వ చెప్పులు ఆమె కాళ్ళ ముందు పెట్టింది. తర్వాత తన చెప్పులు వేసుకుంది.

అందరం తిన్నగా ఆ ఫ్యాక్టరీకే పోయాం. గేటు దగ్గరకు వచ్చిన ఆఫీసరు నవ్వు ముఖంవాడు. "మా రిపోర్టులో ముప్పై ఐదే ఉంది పాట్టీ. నాలుకతో సైన్సు జరగదు" అన్నాడు. పాట్టీ అంటే అరవంలో అవ్వ.

"నీ కాగితం చప్పగా ఉండాది నాయనా," అంది అవ్వ. "ఈ నీళ్ళు చూసి మాట్లాడు. చూసేదాకా నేను ఈడ్నించి కదల్ను." గేటుకు అడ్డంగా కింద కూర్చుంది. పుష్పవల్లి వాళ్ళూ కూర్చున్నారు. లోపలికి రావాల్సిన లారీ హారన్ కొట్టసాగింది.

అప్పుడు మా అమ్మ ముందుకొచ్చింది. ఎనిమిదో క్లాసు చూపు బయటికి తీసింది.

"మీకు లేబొరేటరీ ఉంది గదా సార్? మీటరు తెప్పించండి. ఈడే, నా ముందర."

మీటరు వచ్చింది. క్యానులో ముంచారు. యాభై పాయింట్ ఎనిమిది.

"పాపం, మీటరుకు వయసైపోయినాది," అంది అవ్వ.

ఆఫీసరు నవ్వు తగ్గింది, లారీ హారన్ పెరిగింది. పొద్దున పదకొండు దాకా ఏట్లోకి నీళ్ళు వదలబోమని ఆయన ఒప్పుకున్నాడు. అమ్మ కాగితం మీద రాయించుకుని, రెండు తప్పులు దిద్ది, సంతకం పెట్టించింది.

మర్నాడు అమ్మ స్కూలుకు పూట సెలవు పెట్టి అవ్వతో పాటు గట్టున నిలబడింది. అవ్వ రుచి చూసి, ఉమ్మేసి, "ముప్పై రెండు, దిగండి" అంది. పుష్పవల్లి వాళ్ళు బుట్టతాళ్ళు పళ్ళతో కరుచుకుని దిగారు. అమ్మ అవ్వకు గొడుగు పట్టింది.

"ఉమ్మేది చూసినాను, సరే. రేపట్నించి బీపీ మాత్ర ఏసుకుని బస్సెక్కండి అత్తా. ఏసుకోకపోతే నేనూ రోజూ మీ ఎంట వస్తా, చెప్తా ఉండా."

"నిజంగా వస్తావా?"

"వస్తా."

అవ్వ చెంబులో మిగిలిన నీళ్ళు ఏట్లోకి ఒంపేసింది.

"అయితే ఏసుకోను పో."