డాక్టరు చెప్పిన గుప్పెడు పప్పులు

మా నాయన ఉద్యోగం చేసినన్నాళ్లూ తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపాడు. మంచు కమ్మినా, మలుపులో ఎదురుగా బండి వచ్చి పడినా, వెనక సీట్లో వాళ్లు వరసపెట్టి వాంతులు చేసుకున్నా ఆయన చెయ్యి వణికింది లేదు. అంతటి మనిషి సూదిని చూస్తే మాత్రం చంటిపిల్లల కంటే అన్యాయం. అదీ నా ఇంట్లో ఉంటూ! నేను బ్లౌజులు కుట్టి బతికేదాన్ని. చాప మీద, క్యాలెండరుకి, దిండు గలీబుకి, నా పైట కొంగుకి, ఎక్కడ చూసినా సూదులే. వాటితో ఆయనకు పేచీ లేదు. డాక్టరు చేతిలో ఉంటేనే అది సూది.

అలాంటాయనకు డాక్టరు ఒకరోజు రక్తపరీక్ష కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు.

"షుగరు శానా ఉండాది పెద్దాయనా. మూడు నెల్లు టైమిస్తా. తిండి మార్చు, బాగా నడువు. అప్పటికీ తగ్గలేదంటే రోజూ ఇన్సులిన్ సూది ఏసుకోవాల్సిందే."

నాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "రోజూనా? ఎవురు ఏస్తారు సార్?"

"ఇంకెవురు, మీ పాపే. కుట్టుపని గదా, చెయ్యి తిరిగుంటాది."

నాయన నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను. ఇంటికి తీసుకుపోయి మిషను కింద పెట్టి తొక్కేస్తాననే అనుకున్నాడు ఆ మహానుభావుడు.

ఏం తినాలి అని నేను అడిగితే, అన్నం తగ్గించి రోజూ గుప్పెడు నట్స్, కాసిని బెర్రీస్ తినమన్నాడు డాక్టరు. లేచి వస్తుంటే నన్ను ఆపి, నా కంటి కింద రెప్ప లాగి చూశాడు. "నీకూ రక్తం లేదుమ్మా. తెల్లగా పాలిపోయినావు. అవే నువ్వూ తినల్ల." నేను నవ్వేశాను. "నాకేం సార్, గుండ్రాయి మాదిరి ఉండాను. ముందు ఈయన సంగతి సూడండి," అన్నాను. నాయన అప్పటికే తలుపు దాకా పోయాడు. సూది భయంలో వినిపించుకోలేదనుకున్నాను.

మా అమ్మ పోయి కొన్నేళ్లయింది. ఒంట్లో రక్తం లేదని ఎవరికీ చెప్పకుండా తిరిగి తిరిగి, పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడింది. మళ్లీ కోలుకోలేదు. పుట్టింటి వైపు నాకు మిగిలింది నాయనొక్కడే. ఆయన సూదీ గీదీ లేకుండా, కాళ్లూ కళ్లూ బాగుండి, నా ఎదుట తిరుగుతుంటే చాలు. నా ఆరాటమంతా అదే.

మరునాడే ఇద్దరం పెద్ద సూపర్ మార్కెట్టుకు పోయాం. చల్లటి అరలో చిన్న ప్లాస్టిక్ పెట్టె, దాంట్లో నేరేడు పిందెల్లాంటివి కాసిని. బ్లూబెర్రీలట. ధర చూసి, ఎవరో తప్పు అతికించి ఉంటారని పక్క పెట్టె తిప్పి చూశాను. అదే ధర. ఆ డబ్బు పెడితే మా ఇంటికి వారం కూరగాయలు వస్తాయి. నాయన పెట్టెను రెండు చేతులతో ఎత్తి వెలుతురులో తిప్పి చూశాడు.

"పాపా, ఇది తినేదా, బీరువాలో పెట్టేదా?"

"యాడ తీసినావో ఆడే పెట్టు నాయనా, కింద పడితే మన ఇల్లు అమ్మాల."

బాదంపప్పు పావుకిలో మాత్రం తీసుకుని బయటపడ్డాం. అక్కడి నుంచి బస్టాండు దగ్గర యాత్రికుల కోసం గోతాం పరిచి ఎండుపండ్లు కుప్పలు పోసుకునే అబ్బాయి దగ్గరికి పోయాం. ఎర్రగా నిగనిగలాడే ముక్కలు చూపించి, "క్రాన్‌బెర్రీ అక్కా, ఫారిన్ సరుకు. మీరు కాబట్టి తక్కువకిస్తా," అన్నాడు. ఒకటి నోట్లో వేసుకున్నాను. నాకు ఒళ్లు మండింది.

"ఇది కలివికాయ గదప్పా, అదే వాక్కాయ! కొండ కింద కంపల్లో కాసేదాన్ని సక్కెర పాకంలో ముంచి, ఎర్ర రంగేసి, ఫారిన్ అంటావా? దీనికి పాస్‌పోర్టు ఎవురిచ్చినారు?"

"మెల్లిగా మాట్లాడక్కా, గిరాకీ ఉండాది," అని వాడు బతిమాలుకున్నాడు.

నేను వాడితో పోట్లాడుతుంటే నాయన ఏం చేస్తున్నాడయ్యా అంటే, రుచి చూసే వంకతో ఒక్కో కుప్పకీ మర్యాద చేస్తూ పోతున్నాడు. అంజూరం, ఖర్జూరం, పాకం చెర్రీ, ఎండుద్రాక్ష, ఏదీ చిన్నబుచ్చుకోకుండా. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. "కొన్లే గదా పాపా, కొంటేనే షుగరు," అన్నాడు మీసం తుడుచుకుంటూ.

ఆ రాత్రి బాగా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. మన నేల మీద పండే శెనక్కాయలకు ఏం తక్కువ? మన నేరేడుకు ఏం రోగం? ఇంగ్లీషు పేరు లేకపోవడం తప్ప! మర్నాటి నుంచి నాయనకు పొద్దున నానబెట్టి తోలు తీసిన బాదం నాలుగు, పదకొండింటికి ఉప్పేసి ఉడికించిన శెనక్కాయలు, సాయంత్రం నేరేడు పండ్లు. గంపలో పెట్టుకుని మా వీధికొచ్చే అవ్వ దగ్గర దోసెడు కొంటే ఆమె ఇంకో నాలుగు కొసరు వేసేది. నేరేళ్లు లేని రోజు ఉసిరికాయ. నాయన మహా పెంకి. బాదం బుగ్గన దాచుకుని మొక్కల్లో ఉమ్మేస్తాడేమోనని నాకు అనుమానం. అందుకని పెట్టిన ప్రతిసారీ ఎదురుగా నిలబడి, "మింగినావా? నోరు తెరువు, సూస్తా," అనేదాన్ని. ఆయన నాలుక బారెడు చాపేవాడు. ఆ కాలమంతా ఆ నాలుక ఊదారంగులో ఉండేది. వీధిలో పిల్లలకు దాన్ని చూపించి భయపెట్టడం ఆయనకు కొత్త ఉద్యోగమైంది.

ఇక నా తిండి. మిషను పక్కన నాకొక రేకు డబ్బా ఉంటుంది. అందులో వేయించిన శెనగ్గింజలు పోసి పెట్టుకుంటాను. పని మధ్యలో చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోతుంది, నోరు దానంతటదే ఆడుతుంది, కళ్లు కుట్టు మీదుంటాయి. నేరేళ్లు వచ్చిన కొత్తల్లో ఒకరోజు ఆ డబ్బాలో ముంతమామిడి పప్పులు తగిలాయి. అదే, జీడిపప్పు. అక్కడక్కడా ఎండుద్రాక్ష కూడా. రోజురోజుకీ ఎక్కువవుతున్నాయి. కమ్మగా, కాస్త యాలకుల వాసనతో ఉన్నాయి.

మా ఆయన తడ దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. శనివారం వచ్చి సోమవారం తెల్లారే పోతాడు. ఇది ఆయన పనే అనుకున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడికి బుద్ధి వచ్చింది, నాకు తెలియకుండా డబ్బాలో పోసి పోతున్నాడు అని తెగ మురిసిపోయాను. తమిళనాడు అంచు సరుకు కదా, యాలకులు వేసి వేయిస్తారు కాబోలు అని సర్ది చెప్పుకున్నాను కూడా. ఆ ఆదివారం నాటుకోడి తెచ్చి, మిరియాలు దంచి పులుసు పెట్టాను.

"ఏంది విశేషం?" అన్నాడు.

"ఏమీ ఎరగనట్టు అడగతా ఉండావే! డబ్బాలో పప్పులు ఎవురు పోసినారో నాకు తెలీదా?"

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు, కోడికూర గిన్నె చూశాడు. "ఆ... అదెంత పనిలే," అని ఇంకో ముక్క వేసుకున్నాడు.

ఇంతలో ఎదురింటక్కతో గొడవొచ్చింది. తిరుపతిలో ఇల్లుంటే లడ్డులకు కొదవుండదు. చిత్తూరు నుంచి, కాణిపాకం వైపు నుంచి దర్శనానికొచ్చే చుట్టాలు మా ఇంట్లోనే దిగుతారు, కొండ దిగి వచ్చి ఒక లడ్డు చేతిలో పెట్టి పోతారు. పెళ్లి బ్లౌజులు కుట్టించుకున్న వాళ్లు సరేసరి. ఇంట్లో షుగరు మనిషి ఉన్నాడు కాబట్టి లడ్డు వచ్చిందంటే విడగొట్టి వీధిలో అందరికీ పంచేయాలని నా ఆర్డరు. పంచే పని నాయనది. ప్రసాదం పారేయకూడదు, ఇంట్లో ఉండకూడదు. అంతవరకూ బాగానే ఉంది.

ఒక మధ్యాహ్నం ఎదురింటక్క చేతిలో గిన్నెతో దిగింది. నేను ఒకావిడకు జబ్బ కొలత తీసుకుంటున్నాను.

"ఏం మే, నీకిది న్యాయమా? లడ్డు పొడి సేసి, పప్పూ ద్రాక్షా నువ్వు ఏరుకోని, ఉత్త బూంది మాకు పంపిస్తావా? ఒకసారంటే పోనీ అనుకుంటి. నెల్లాళ్ల నుంచీ సూస్తా ఉండా, ఒక్క పప్పు తగిల్తే ఒట్టు!"

నాకు తల కొట్టేసినట్టయింది. బయటి మనిషి ముందర అనేసింది మరి! టేపు మెడలో వేసుకుని లేచాను. "నోరు సూసుకోని మాట్లాడక్కా! దేవుడి ప్రసాదంలో పప్పులేరుకునే బతుకా నాది? నీ లడ్డులో పప్పు ఒక్కటి నా నోట్లోకి పోయుంటే ఈ మిషను ముట్టను, పో!" అన్నాను. అంటూ అంటూనే డబ్బాలోంచి గుప్పెడు తీసి నోట్లో పోసుకున్నాను. కోపమొస్తే నాకు నమలడం అలవాటు.

గోడ పక్కన కూర్చున్న నాయనకు అప్పుడే పెద్ద దగ్గు వచ్చింది. మంచినీళ్లు కావాలని లోపలికి పోయి, అరగంట దాకా మళ్లీ రాలేదు.

ఆ అక్కా నేనూ మాటలు మానేశాం. ఎదురెదురు వాకిళ్లు కావడంతో, ముగ్గు వేసేటప్పుడు కూడా చెరోవైపుకి తిరిగి వేసేవాళ్లం.

ఒకరోజు హుక్కులు, లైనింగు గుడ్డ కొనడానికి బజారుకు బయల్దేరి, దారిలో డబ్బు సంచి మరిచానని గుర్తొచ్చి వెనక్కొచ్చాను. అలవాటు కొద్దీ డబ్బాలోంచి నాలుగు పప్పులు నోట్లో వేసుకుని పెరటి వైపు తొంగి చూశాను. నాయన అరుగు మీద కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ముందర పళ్లెంలో లడ్డు. చేతిలో నేను నాడాలు ఎక్కించే దబ్బనం. సూదిని చూస్తే ప్రాణం పోయే మనిషి, దబ్బనంతో లడ్డులోంచి జీడిపప్పు ఒడుపుగా పెరికి తీస్తున్నాడు! తీసినదాన్ని నా లైనింగు ముక్కతో తుడుస్తున్నాడు. ఈ గుడ్డముక్కలు ఎక్కడికి పోతున్నాయా అని నేను నెల రోజులుగా ఎలకల్ని తిడుతున్నాను.

"నాయనా!" అని అరిచాను. "లడ్డు తింటా ఉండావా? సూది ఏపించుకోవాలని అంత మోజుగా ఉండాదా నీకు?"

దబ్బనం కింద పడేశాడు. "నేను తిన్లే పాపా! సూడు, నా నోరు సూడు." ఊదారంగు నాలుక చాపాడు. దాని మీద నేరేడు తప్ప ఇంకేమీ లేదు. "సేతి ఏళ్లకంటిన సక్కెర కూడా కడుక్కుంటా ఉండా, దేవుడి తోడు."

"మరి ఈ పప్పులన్నీ యాడికి పోతా ఉండాయి?"

నాయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. నా దవడ వైపు చూశాడు. యాలకుల వాసనేస్తున్న జీడిపప్పు నా నోట్లో అప్పటికి సగం నలిగింది.

ఎదురింటక్క గిన్నె, నేను వేసిన ఒట్టు, నాటుకోడి పులుసు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. వీధి వీధంతటి పప్పులూ తిన్నది నేనే! కోపం ఎవరి మీద చూపించాలో తెలియక శనివారం దాకా దాచిపెట్టి మొగుడి మీద చూపించాను. "నేను పోసినానని నేను అన్లేదే! అదెంత పనిలే అన్నా, అంతే," అన్నాడు ఆ పెద్దమనిషి.

మూడు నెలలు నిండాయి. పరీక్ష రోజు నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, విభూతి పెట్టుకుని, యుద్ధానికి పోయేవాడిలా బయల్దేరాడు. రక్తం తీసే అమ్మాయి సూది విప్పగానే నన్ను ముందుకు తోశాడు. "ముందు మా పాపకు తియ్యి తల్లీ. తనకూ సూడమని డాక్టరు చెప్పినాడు." చెప్పలేదు. కానీ తీయించుకున్నాను. తర్వాత ఆయన గోడ వైపు తిరిగి, చెయ్యి మాత్రం మా ఇద్దరికీ వదిలేశాడు.

కాగితాలు చూసి డాక్టరు ముఖం విప్పారింది. "పర్వాలేదు పెద్దాయనా, బాగా దిగింది. సూది అక్కర్లేదు. ఇట్లనే తిను." నాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. డాక్టరు రెండో కాగితం చూసి నావైపు తిరిగాడు. "నీకూ రక్తం పెరిగిందే. ఏం తింటా ఉండావు?" నేను నోరు తెరిచేలోపే, "ప్రసాదం సార్," అన్నాడు నాయన.

బయట బస్సు కోసం నిలబడినప్పుడు అడిగేశాను. "తినమని నాతో చెప్పొచ్చు గదా నాయనా. ఈ దొంగపనెందుకు?"

ఆయన రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "బాదం కొన్నావు, అన్నీ నాకే పెడితివి. నువ్వూ తినుమే అంటే తిన్నానంటావు. మీ అమ్మా అంతే పాపా. తిన్నావా అంటే తిన్నానంటా ఉండె. నేను నమ్మితిని."

వచ్చిన బస్సు ఎక్కకుండా వదిలేశాం. అక్కడే నిలబడి ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

ఆ వారమే చుట్టాలు లడ్డు తెచ్చారు. దాన్ని విడగొట్టకుండా, దబ్బనం తగలనీయకుండా, నిండు లడ్డు తీసుకుని ఎదురింటక్క వాకిట్లోకి పోయి జరిగిందంతా చెప్పేశాను. ఆమె నవ్వి నవ్వి గుమ్మం పట్టుకుని కూలబడింది. మరుసటి రోజు తనే ఒక చిన్న పొట్లం తెచ్చి నా మిషను మీద పెట్టింది. లడ్డులోని పప్పులన్నీ ఏరి ఉన్నాయి అందులో. "నువ్వే తినుమే, ఎట్లాగూ అలవాటు పడితివి," అంది.

ఇప్పుడు పొద్దునే పళ్లేలు రెండు. ఆయన పళ్లెంలో బాదం నాలుగు, నా పళ్లెంలో నాలుగు. ఆయనవి తొందరగా అయిపోతాయి. అయ్యాక కళ్లద్దాలు సర్దుకుని నా ఎదురుగా వచ్చి నిలబడతాడు.

"మింగినావా? నోరు తెరువు, సూస్తా."

నేను నాలుక బారెడు చాపుతాను.